అరగంట ఆటలో ఆఖరి టేపు

తుడియలూరు,
బుధవారం

నా సరోజక్కకు,

నీ చెల్లెలు రంగనాయకి మీ ఇద్దరి పాదాలకు దణ్ణం పెట్టి రాస్తున్నది. పెరుమాళ్ళు చల్లగా చూస్తున్నాడు, నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు ఎలా ఉన్నావు? బావ చేతుల వణుకు ఏమైనా తగ్గిందా? మన పెరటి కరివేపాకు చెట్టు గాలికి నిలిచిందా? నీ కుడి కన్ను ఇంకా మసకగానే ఉందా? ఎడమ కంటిని కష్టపెట్టకు అక్కా. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఒక పేజీ చదివి, కాసేపు కళ్ళు మూసుకుని, ఆ తర్వాత రెండో పేజీ తియ్యి. తొందరేమీ లేదు.

తొందరేమీ లేదని రాశాను గానీ, అసలు సంగతి ముందే చెప్పేస్తాను. వచ్చే వారం శుక్రవారం నీ కంటి ఆపరేషనుకు నేను రాలేనేమోనని భయంగా ఉంది. రానని రాయడానికి చెయ్యి ఆడలేదు, అందుకే రాలేనేమో అని రాశాను. పోయినసారి ఎడమ కంటికి చేసినప్పుడు రోజుకు ఆరుసార్లు నేనే చుక్కల మందు వేశాను. బావ వెయ్యబోతే చుక్క పోయి నీ ముక్కు మీద పడేది. నవ్వకూడదని డాక్టరు చెప్పినా నువ్వు నవ్వేదానివి. ఈసారి కూడా పక్కన ఉంటానని నీకు మాట ఇచ్చాను. ఆ మాట నాకు రోజూ గుర్తొస్తుంది.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నీకు వినపడదు. నేను గట్టిగా మాట్లాడితే ఈ ఇంట్లో అందరికీ వినపడుతుంది. ఉత్తరమైతే ఆ బాధ లేదు. నాయన భజన పాటలు చూసి పాడుకోవాలని మనిద్దరికీ తెలుగు అక్షరాలు నేర్పారు కదా, అది ఇప్పుడు ఇలా పనికి వస్తోంది. ఈ ఇంటివాళ్ళూ మనలాగే తమిళ నేల మీద స్థిరపడ్డ తెలుగువాళ్ళే, కానీ ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. కాగితం బల్ల మీద తెరిచి పెట్టి పోయినా ఈ ఇంటి కోడలు గాయత్రి దాన్ని పక్కింటి ముగ్గు చూసినట్టు చూసి పోతుంది.

ఇక్కడ ఆడి నెల గాలి మొదలైంది. కొండ వైపు నుంచి సన్నటి జల్లు వచ్చి, బట్టలు ఆరకుండానే మళ్ళీ పోతుంది. పొద్దస్తమానం చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో పంపులు పరీక్ష చేస్తూ ఉంటారు. నీళ్ళు లేని బావిలో మోటారు తిరుగుతున్నట్టు ఒకటే హోరు. తిండికి లోటు లేదు. రాత్రిపూట చపాతీలు. రాగి సంకటి అడగడానికి నాకు మొహమాటం. మంచి మంచం, దోమతెర, పూజకు ఒక గూడు, అన్నీ ఇచ్చారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు అక్కా. ఇది నువ్వు మనసులో పెట్టుకుని మిగతాది చదువు.

ఇంటి చుట్టూ గోడ, ముందు ఇనుప గేటు. గేటుకు అరచెయ్యంత దిండిగల్ తాళం. నేను చూసుకుంటున్న ఈ ఇంటి పెద్దయ్య ఒకరోజు చక్రాల కుర్చీని ఎడమ చేత్తో, ఎడమ కాలితో నెట్టుకుంటూ మెయిన్‌రోడ్డు దాకా పోయి బస్సుకు ఎదురుగా నిలిచారట. అప్పటినుంచి ఆ తాళం వచ్చింది. పొద్దున్నే కొడుకు శ్రీధర్ తంబి తన పంపుల వర్క్‌షాపుకు, కోడలు గాయత్రి తాను పాఠం చెప్పే కాలేజీకి పోతూ బయటినుంచి తాళం వేస్తారు. సాయంత్రం దాకా లోపల మేమిద్దరమే. ఏమైనా అయితే ఫోను చెయ్యమంటారు. "మీ మంచికేనుంగ అక్కా," అంటాడు శ్రీధర్. నేను "సరి తంబీ" అంటాను. నాలుగు నెలలుగా అలాగే అంటున్నాను.

నన్నే ఎందుకు తెచ్చుకున్నారో నీకు సరిగ్గా చెప్పలేదు. పెద్దయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు కుడి చెయ్యి, కుడి కాలుతోపాటు తమిళం కూడా పోయింది. ఇంగ్లీషు పోయింది. చిన్నప్పుడు ఉడుమలైపేట పక్క పల్లెలో వాళ్ళ అవ్వ దగ్గర మాట్లాడిన తెలుగు ఒక్కటే మిగిలింది, అదీ నాలుక మందంగా. ఎదుటివాళ్ళు తమిళంలో అంటే అర్థమవుతుంది, బదులు మాత్రం తమిళంలో రాదు. కొడుకు చదువుకు అడ్డమని ఆ కాలంలో ఆయనే ఇంట్లో తెలుగు ఆపేసి తమిళంలో పెంచారట. శ్రీధర్‌కు రా, పో, తిన్నావా అన్నంతవరకే వచ్చు. గాయత్రికి అదీ సగమే. వాళ్ళు నాతో తమిళంలో అన్నవే నీకు తెలుగు చేసి రాస్తున్నాను. కన్నతండ్రి నీళ్ళు అడిగినా ఈ ఇంట్లో అర్థమయ్యేది నా ఒక్కదానికే. నాకంటే ముందు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి మధ్యలో వదిలి పోయారట. అందుకని మొదటిరోజే గాయత్రి దీపం వెలిగించి, "మధ్యలో పోనని చెప్పండక్కా," అంది. పెరుమాళ్ళ పటం ముందు చెప్పాను.

ఏ పని మధ్యలో అంటావేమో. ఆ పని వింటే నవ్వుతావు. నేను టెన్నిస్ చరిత్ర రాస్తున్నాను.

పెద్దయ్య ఆ రోజుల్లో నూలు మిల్లులో టైమాఫీసు గుమాస్తా. సెలవురోజుల్లో భుజాన కెమెరా పెట్టుకుని పెళ్ళిళ్ళు తీసేవారు. మిల్లు క్వార్టర్స్ పక్కన ఒక టెన్నిస్ కోర్టు ఉండేది. ఎర్రమట్టి పరిచి, పేడనీళ్ళు చల్లి, రోలరు తోలి నేల అద్దంలా చేసేవాళ్ళట. అక్కడ ఏటా పోటీలు, వారం వారం మామూలు ఆటలు జరిగేవి. ఒక ఏడు ఫైనలు ఆటను తియ్యమని మిల్లు యజమాని ముదలాళి చెప్పారు. మూడున్నర గంటల టేపు అయింది. దాన్ని ఆదివారం మిల్లు క్యాంటీనులో బల్ల మీద టీవీ పెట్టి వేశారు. అరగంటకే సగం మంది నిద్రపోయారు. నూలు చుట్టే కోన్ వైండింగ్ ఆడవాళ్ళు మాత్రం నిద్రపోకుండా ఇంటి కబుర్లు చెప్పుకున్నారట.

మరుసటి వారం పెద్దయ్య రెండు వీసీఆర్‌లను వైరుతో కలిపి కూర్చున్నారు. ఒకదాంట్లో ఆట నడుస్తుంది, రెండోదాంట్లో కావలసిన ముక్క మాత్రం ఎక్కుతుంది. బంతులు ఏరుకోవడం, చెమట తుడుచుకోవడం, నీళ్ళు తాగడం అంతా వదిలేశారు. ఏ ముక్క ఉంచాలో ఎలా తెలిసిందని అడిగాను. "కండ్లు మూసుకుని వింటినమ్మణీ. జనం యాడ అరిచినారో అది ఉంచితిని. అరవని చోటంతా కోసేస్తిని," అన్నారు. అలా మూడున్నర గంటలు అరగంట అయింది. పేరు కూడా అదే, అరైమణి ఆట్టం. తమిళంలో అరగంట ఆట అని.

ఈసారి ఎవరూ నిద్రపోలేదు. పైగా టేపు అయిపోయినా ఆడవాళ్ళు లేవలేదు, ఇంకా ఏదో వస్తుందని కూర్చున్నారట. అవతల క్యాంటీను కడగాలి. కసరడానికి పెద్దయ్యకు నోరు రాలేదు. ఆ మరుసటి వారం నుంచి టేపు చివర తన గొంతుతోనే ఒక మాట చేర్చారు. "ఆట్టం ముడింజుదుంగ, వీట్టుక్కు కెళంబుంగ." ఆట అయిపోయిందండీ, ఇంటికి బయలుదేరండి అని. అది విని అందరూ లేచి చీర దులుపుకుని పోయేవాళ్ళు.

తర్వాత తుడియలూరులో కేబుల్ పెట్టిన మనిషి వచ్చి ఆదివారం ఐదు గంటలకు తన చానెల్లో వేస్తానన్నాడు. అప్పుడిక మిల్లు ఆట ఒక్కటే సరిపోలేదు. పెద్దయ్య బస్సు పట్టుకుని దిండిగల్‌కు, మదురైకి పోయి స్కూళ్ళ పోటీలు, డాక్టర్ల పోటీలు తీసుకొచ్చేవారు. కెమెరాను అన్నం క్యారియరులా ఒళ్ళో పెట్టుకునేవారట. మాటలు ఆయనే చెప్పేవారు. ఇద్దరూ సమానంగా ఉంటే 'ఇద్దరూ ఒకే గట్టు మీద ఉన్నారు, ఎవరు జారతారో చూద్దాం' అని తమిళంలో చెప్పేవారు. కానీ మంచి బంతి గీత దాటిపోతే తమిళం మరిచిపోయి "అయ్యో పాయనే" అని మన తెలుగులో అనేసేవారు. కేబుల్ మనిషి వద్దన్నాడు. జనం మాత్రం పోస్టుకార్డులు రాశారట, పాయనే లేకపోతే ఆట ఆటలా లేదని. ఇంకొకరు ఇలా రాశారట: "మేము ఇంట్లోనే కూర్చుని చూస్తున్నాము, ఇంక ఏ ఇంటికి బయలుదేరమంటారు?" ఈ మాట చెప్పి పెద్దయ్య సగం నోటితో ఎంత నవ్వారో. నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నం ఒక్కటే ఈ ఇంట్లో నేను తాళం సంగతి మరిచిపోయింది.

ఇప్పుడు పాత ఆటగాళ్ళంతా కలిసి ఒక పుస్తకం వేస్తున్నారు. అందులో అరైమణి ఆట్టం కథ పెద్దయ్య నోటితోనే రావాలని శ్రీధర్ పట్టుదల. ఆయన చెప్తారు, నేను తెలుగులో నోటుబుక్కులో రాస్తాను, ఆదివారం దాన్ని తమిళంలో చదివితే శ్రీధర్ టైపు చేస్తాడు. "కథ ముగియనీ అక్కా, అప్పుడు పోయి మీ అక్కని చూసుకోండి," అంటాడు. కానీ రోజుకు నాలుగు వాక్యాలు రావడమే కష్టం. ఒక మాట కోసం పెద్దయ్య అరపూట వెతుక్కుంటారు. దొరకకపోతే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అప్పుడు నోటుబుక్కు మూసి భజన పాట ఏదైనా పాడతాను.

అక్కా, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. జనం అరవని చోటంతా కోసేశానని ఆయన చెప్పినప్పుడు నాకు మన బతుకే గుర్తొచ్చింది. నేను ఇక్కడ చేసేదంతా ఆయన కోసేసిన ముక్కల్లాంటిదే. నీళ్ళు అందించడం, తుడవడం, పడినవి ఏరడం. దీన్ని చూసి అరిచేవాళ్ళు ఎవరూ లేరు. గేటు వైపు చూస్తూ కూర్చుంటాను.

ఈ ఉత్తరం పోస్టు చెయ్యాలన్నా గేటు తియ్యాలి. ఇవ్వాల్టికి ఇక్కడ ఆపుతున్నాను.

శనివారం

ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. శ్రీధర్‌కు ఇస్తే పోస్టులో వేస్తాడు, కానీ నువ్వు ఎదురు చూస్తున్న మాట ఇందులో లేదని ఇవ్వబుద్ధి కాలేదు.

ఇవాళ ఇంకో సంగతి జరిగింది. అది చెప్పాలంటే నా తప్పు ఒకటి ముందు ఒప్పుకోవాలి. నీకు తెలుసు కదా, ఎవరి మనసూ నొప్పించలేను. పెద్దయ్య మాటలు వీళ్ళకు తమిళంలో చెప్పేటప్పుడు గరుకుగా ఉన్నదాన్ని నునుపు చేసి చెప్పేదాన్ని. వచ్చిన కొత్తలో పాత ఆటగాడు ఒకాయన పళ్ళు తీసుకుని చూడటానికి వచ్చాడు. పెద్దయ్య ఆయన్ని చూసి, "వీడు నా పోగ్రాము చూసి ఒగనాడు కూడా బాగుందన్లేదు. ఇప్పుడు ఏడుపు మొగం ఏసుకుని వచ్చినాడు. పొమ్మను," అన్నారు. నేను, మీరు వచ్చినందుకు చాలా సంతోషమంటున్నారు అని చెప్పాను. చెప్పి నోరు మూసేలోపల పెద్దయ్య ఎడమ చేత్తో కమలాపండు తీసి ఆయన మీదికి విసిరారు. శ్రీధర్ నవ్వి, "నాయన బ్యాక్‌హ్యాండ్ ఇంకా పదునుగానే ఉందిలేండి," అని సర్దాడు. అప్పటినుంచి గాయత్రికి అదొక వేళాకోళం. నేను ఏది చెప్పినా, "అక్క చెప్పినారంటే అందులో సగం చక్కెర," అంటుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నీ కంటి సంగతి పెద్దయ్యకు చెప్పాను. ఆయన మనసులో పెట్టుకున్నారు. అందరూ భోంచేస్తుండగా కొడుకుతో, "ఈ అమ్మణిని వాళ్ళక్క కాడికి పంపించురా. ఆ కన్ను పాడయితే ఆ పాపం మనకి వద్దు," అన్నారు.

శ్రీధర్ నా వైపు తిరిగి, "నాయన ఏమి చెప్తా ఉండారక్కా?" అని అడిగాడు.

నా గురించి నేనే ఎలా చెప్పను? నోట్లోంచి ఏదో రావాలి కాబట్టి, "రసంలో ఉప్పు తక్కువంటున్నారు తంబీ," అన్నాను.

"నేను చేస్తే మామకు ఎప్పుడూ ఉప్పే తక్కువ," అని గాయత్రి మూతి ముడిచింది.

పెద్దయ్యకు తమిళం అర్థమవుతుంది కదా. వాళ్ళు లేచి పోయాక ఎడమ చేత్తో తల కొట్టుకున్నారు. "నేను నీ అక్క మాట చెప్తే, నువ్వు ఉప్పు యాడ్నించి తెస్తివే?" అన్నారు. అలా ఇంకో రెండుసార్లు ఆయన చెప్పారు, రెండుసార్లూ నేను మింగేశాను. ఒకసారి దిండు గట్టిగా ఉందన్నాను, ఒకసారి ఫ్యాను తగ్గించమన్నారన్నాను. శ్రీధర్ పాపం పోయి కొత్త దిండు తెచ్చాడు.

శుక్రవారం దగ్గర పడుతోంది కదా. ఇవాళ పొద్దున పూజ చేసుకుని ధైర్యం తెచ్చుకున్నాను. కాఫీ వేళకు పెద్దయ్య మళ్ళీ అదే మాట అన్నారు. ఈసారి నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "తంబీ, నన్ను మా అక్క దగ్గరికి పంపించమంటున్నారు. ఇవాళ కాదు, మూడు నెలలుగా అంటున్నారు. నేనే మీకు చెప్పలేదు."

శ్రీధర్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. గాయత్రి కోపపడలేదు. మెల్లగానే అడిగింది. "ఇది మామ చెప్పినారా, మీరు చెప్తా ఉండారా అక్కా?"

"మామగారే చెప్పారమ్మా."

"అప్పుడు ఉప్పు తక్కువని చెప్పిందీ?"

"అది అబద్ధం."

"దిండు?"

"అదీ అంతే."

"అప్పుడు ఇది నిజమని ఎట్లా నమ్మేదక్కా?"

పెద్దయ్య కుర్చీ చేతిని గట్టిగా కొడుతూ అదే మాట మూడుసార్లు అన్నారు. నాలుక ఇంకా మందమైంది. ఆ మాటల్లో 'అక్క' అన్నది శ్రీధర్ పట్టుకున్నాడు, కానీ వాడు నన్ను పిలిచేదీ అక్కా అనే కదా, నా గురించి ఏదో అంటున్నారనుకున్నాడు. వాళ్ళిద్దరూ ఆయన్ని చూడలేదు, నా మొహం చూశారు. ఆయన ఏమన్నారో చెప్పాల్సింది నేనే, నేను చెప్తే నమ్మకం లేదు. ఈ తాళానికి చెవి ఎవరి దగ్గరా లేదు అక్కా. దీన్ని చేసింది శ్రీధర్ కాదు, నేనే చక్కెర వేసి చేసుకున్నాను.

ఆఖరికి పెద్దయ్య అలిసిపోయి, "ఆఖరి టేపు. ఆఖరి టేపు ఎయ్యమను," అన్నారు. వారం వారం ఆయన ఆ టేపు అడుగుతూనే ఉన్నారు. కథ ముగించడానికే అనుకున్నాను. ఇది చెప్తే మాత్రం వాళ్ళు వెంటనే నమ్మారు. ఆ టేపుకు బూజు పట్టి ఉంటే శ్రీధర్ గాంధీపురంలో ఒక మెకానిక్ దగ్గర శుభ్రం చేయించి, పాత వీసీఆర్ కూడా బాగు చేయించి ఉంచాడు. రేపు సాయంత్రం వేస్తానన్నాడు. "చివరి అధ్యాయం రాసుకోవచ్చు అక్కా, సిద్ధంగా ఉండండి," అన్నాడు.

శనివారం కదా, నువ్వు పెరుమాళ్ళ గుడిలో నా పేరుతో ఒక నెయ్యి దీపం పెట్టి ఉంటావు. ఆ దీపమే నాకు దిక్కు. ఇవాళ అన్నం సహించలేదు. భయపడకు, మజ్జిగ తాగాను.

సోమవారం

అక్కా, ముందు ఇది చదువు. నేను వస్తున్నాను. గురువారం పొద్దున బస్సుకు. ఇప్పుడు కాసేపు కళ్ళు మూసుకుని, తర్వాత మిగతాది చదువు.

నిన్న ఐదు గంటలకు, పాత రోజుల్లో ఆ ఆట వచ్చే వేళకే, శ్రీధర్ టేపు వేశాడు. గాయత్రి మురుకులు వేయించి తెచ్చింది. నేను నోటుబుక్కు పట్టుకుని పెద్దయ్య కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. రిమోటు తన చేతికి ఇమ్మన్నారు, ఇచ్చాను.

ముందు గీతలు గీతలుగా వచ్చి, తర్వాత బొమ్మ నిలబడింది. ఎర్రటి సిమెంటు నేల మీద ఒక ఆడమనిషి చెయ్యి ముగ్గుపిండితో తమిళంలో అరైమణి ఆట్టం అని రాస్తోంది. మొహం కనపడదు. నాలుగు గాజులు, చూపుడువేలు మీద చిన్న కాలిన మచ్చ. ప్రతివారం పేరు అలాగే రాసి తీసేవాళ్ళట. శ్రీధర్ నోట్లో మురుకు అలాగే ఆగిపోయింది. "అమ్మ చెయ్యి," అన్నాడు. ఆవిడ పోయి చాలా కాలమైంది. గాయత్రి లేచి పోయి అతని పక్కన కూర్చుంది.

అది మిల్లు కోర్టులో జరిగిన చివరి ఆట. మిల్లు మూతపడుతుందని అప్పటికే అందరికీ తెలుసట. దిండిగల్ డాక్టరు ఒకాయన, మిల్లు ఫిట్టరు ఒకాయన ఆడారు. నాకు ఆట ఇప్పటికీ సరిగా అర్థం కాదు. కానీ బంతి గీతకు అవతల పడగానే టేపులోంచి గట్టి గొంతు "అయ్యో పాయనే" అంది, కుర్చీలోంచి ముసలి గొంతు కూడా అదే మాట అంది. రెండూ ఒకేసారి. గాయత్రి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఫిట్టరు ఓడిపోయాడు. వెనక బెంచీల మీద కోన్ వైండింగ్ ఆడవాళ్ళు అయినా చేతులు తట్టారు.

అప్పుడు బొమ్మ మసకై, పెద్దయ్య గొంతు వచ్చింది. నిండైన తమిళం, ఒక్క తడబాటు లేదు. "ఆట్టం ముడింజుదుంగ, వీట్టుక్కు కెళంబుంగ."

పెద్దయ్య ఎడమ బొటనవేలితో రిమోటు నొక్కారు. టేపు వెనక్కి పోయింది. మళ్ళీ అదే ముక్క. వీట్టుక్కు కెళంబుంగ. ఆ చెయ్యెత్తి నా తల మీద పెట్టారు.

"నాయనకు సంతోషం," అన్నాడు శ్రీధర్.

మళ్ళీ వెనక్కి తిప్పారు. ఆట అయిపోయింది, ఇంటికి బయలుదేరండి. ఈసారి నన్ను చూపించి, గేటు వైపు చూపించారు. నేను తల వంచుకున్నాను.

మూడోసారి తిప్పుతుంటే గాయత్రి లేచి నిలబడింది. "ఆగండక్కా, మీరేమీ చెప్పొద్దు," అంది. నేను చెప్పబోలేదు కూడా. మొగుడి వైపు తిరిగి తమిళంలో అంది, మామ మూడు నెలలుగా ఇదే చెబుతున్నారు, మనమే వినలేదు అని.

శ్రీధర్ వచ్చి తండ్రి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముక్కముక్కగా, ఒక్కో మాట వెతుక్కుంటూ, తెలుగులో అడిగాడు. "నాయనా, అక్కని... వాళ్ళ ఇంటికి... పంపాలనా?"

పెద్దయ్య తల ఊపారు. కొడుకు ఆయన్ని తెలుగులో ఒక పూర్తి మాట అడగడం నేను వినడం అదే మొదటిసారి. ఆయన కూడా చాలా ఏళ్ళ తర్వాత విన్నట్టున్నారు. కొడుకు చెంప తడిమి, "ఆ మాట పలకడానికి ఇంత ఆలీసమా నీకు," అన్నారు. ఇప్పుడు ఏమన్నారక్కా అని శ్రీధర్ అడిగాడు. ఇంత ఆలస్యమా అంటున్నారని, ఈసారి చక్కెర లేకుండానే చెప్పాను.

ఆయన ఆ టేపు ఎందుకు అడిగేవారో అప్పుడు అర్థమైంది. ఆయన దగ్గర పోయిన తమిళం ఆ టేపులో మిగిలి ఉంది. అరగంట టేపులో ఆయనకు కావలసింది ఆ ఒక్క ముక్కే. మిగతాదంతా ఎప్పటిలాగే కోసేశారు.

ఇవాళ పొద్దున కథ చివరి పేజీ రాశాను. పెరుమాళ్ళ ముందు ఇచ్చిన మాట అయింది. గాయత్రి కోసం ఇంకో చిన్న నోటుబుక్కులో పెద్దయ్య మాటలు తమిళ అక్షరాల్లో రాసి పెట్టాను. దప్పిక, నొప్పి, ఒళ్ళు తిప్పు, తలుపు తియ్యి, చలి. కూరగాయలు తరుగుతూ వల్లె వేస్తోంది. పెద్దయ్య దగ్గరికి పోయి చలేస్తా ఉందా మామా అని అడిగింది. ఆయన నన్ను చూసి, "మన అవ్వ మాట ఈ పిల్ల నోట్లో ఎట్లుందో వింటివా," అన్నారు. ఆ నోటుబుక్కుతో పదిరోజులు నెట్టుకొస్తారనుకుంటాను. పదిరోజుల్లో తిరిగి వస్తానని నేనే అన్నాను, వాళ్ళు అడగలేదు. ఆయన అడిగింది వాళ్ళకు అర్థం కాకపోతే ఎలా అని రాత్రంతా అదే ఆలోచన. గేటు తీశారు కానీ నేను ఇంకా లోపలే ఉన్నట్టుంది.

ఒక చిన్న పని చేసి పెట్టు అక్కా. ఉలవలు వేయించి కొంచెం పొడి కొట్టి ఉంచు, ఇక్కడికి తెచ్చుకుంటాను, పెద్దయ్యకు ఉలవచారు మీద ఆశ. నువ్వు కొట్టొద్దు, కంటికి దుమ్ము పడుతుంది, పక్కింట్లో కొట్టించు. నాకు మాత్రం గురువారం రాగి సంకటి కావాలి. బావతో చెప్పు, చుక్కల మందు మూత నేను వచ్చేదాకా తియ్యొద్దని.

సాయంత్రం శ్రీధర్ గేటు తాళంచెవి ఇంకొకటి చేయించి తెచ్చి నా చేతికి ఇచ్చాడు. "ఇది మీ దగ్గరే ఉండనీయండక్కా. వచ్చేటప్పుడు ఎవర్నీ పిలవాల్సిన పని లేదు, మీరే తీసుకుని రావచ్చు," అన్నాడు. కాదనలేకపోయాను. కొంగు చివర ముడి వేసుకున్నాను. చిన్నదే గానీ బరువుగా ఉంది. నీ మీదికి వంగి కంట్లో మందు వేసేటప్పుడు అది నీ చెంపకు తగిలితే ఏమీ అనుకోకు.

మన వీధిలో పెద్దవాళ్ళందరికీ నా దణ్ణాలు చెప్పు. బావ దీవెన, నీ దీవెన నాకు ఎప్పుడూ కావాలి. ఈ ఉత్తరం, నేను, ఎవరు ముందు వచ్చినా తలుపు దగ్గరగా వేసి ఉంచు, గడియ పెట్టకు.

నీ పాదాల దగ్గర కూర్చోవాలని తహతహలాడే
నీ చెల్లెలు
రంగనాయకి